అందరి బండ మీద నీలం

ఒక పెద్ద అడవిలో నీళ్లు తక్కువ, సన్మానాలు ఎక్కువ. సింహంగారు తమ స్నానానికని వాగుకు కట్ట వేయించి, నీళ్లన్నీ సొంత మడుగులోకి మళ్లించుకున్నారు. కింద చెరువు ఎండిపోయింది. జంతువులు రోజూ పొద్దున్నే గుహ ముందు చేరి అరవసాగాయి.

సింహంగారు కళల అధికారి నక్క జంబుకేశ్వర్రావును పిలిపించారు.

"వీళ్ల నోళ్లు మూయించే ఉపాయం చెప్పవయ్యా."

"నోళ్ల జోలి ఎందుకు ప్రభూ, చేతులకు పని చెబుదాం. కొండవాలు మీది పెద్ద బండ ఇచ్చేద్దాం. తలా ఒక గీత గీసుకుంటారు. 'ప్రజల చిత్రం' అందాం. గీసుకున్నవాడికి అరిచినంత తృప్తి!"

మర్నాడే అడవి అడవంతా బండ దగ్గరికి వచ్చింది. ముందుగా ముళ్లపంది పోలమ్మ తన ముల్లుతో నెర్రెలిచ్చిన చెరువు గీసింది. తాబేలు ఇంకో నెర్రె కలిపింది. జింక మరొకటి. సాయంత్రానికి బండ నిండా ఒకటే ఎండిన చెరువు.

జంబుకేశ్వర్రావు బండ చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు. ఇన్నాళ్లూ ఎవరి అరుపు వాళ్లది. ఇప్పుడు అందరిదీ ఒకే మాట, అదీ రాతి మీద!

"అద్భుతం పోలమ్మా! కాకపోతే కాస్త ఆశాభావం తక్కువైంది."

"నీళ్లుంటే తాగేవాళ్లం గానీ గీస్తామా బాబూ?"

జంబుకేశ్వర్రావు వెంటనే నాలుగు కోతులతో కమిటీ వేశాడు. కమిటీ నీలి ఆకులు దంచి, నెర్రెల మీద దట్టంగా పూసి, మధ్యలో రెండు తామరలు కూడా పెట్టింది. కింద 'మేమందరం కలిసి వేసిన చెరువు' అని రాయించాడు. సింహంగారు మెచ్చి అతనికి శాలువా కప్పారు.

మూడోనాడు నేల అదిరింది. పక్క అడవిలో నీళ్లు దొరక్క నోరెండిన ఏనుగుల మంద, కొండ మీంచి ఆ నీలం చూసి దిగివచ్చింది. పెద్దేనుగు తొండంతో బండను తడిమింది. తొండానికి రంగంటింది.

"చెరువేదయ్యా?"

"అది... భావంలో ఉందండీ," అన్నాడు జంబుకేశ్వర్రావు.

"మేం రెండ్రోజులు నడిచింది భావంలో కాదు."

పోలమ్మ ముందుకొచ్చింది. "అయ్యా, ఆ నీలం మేం పూసింది కాదు. నీళ్లు పైనున్నాయి. దారి చూపిస్తా, రండి."

మంద మడుగులో దిగింది. అడ్డొచ్చిన కట్ట కాళ్ల కింద బురదైపోయింది. వాగు తన పాత దారిన చెరువుకేసి పరుగెత్తింది. స్నానం మధ్యలో ఉన్న సింహంగారు మోకాలి లోతు బురదలో మిగిలారు.

"ఏమిటయ్యా ఇది?"

"ప్రజా భాగస్వామ్యం ప్రభూ," అన్నాడు జంబుకేశ్వర్రావు. ఉద్యోగంలో అదే అతని ఆఖరి మాట.

అందుచేత, పదిమంది కష్టం మీద రంగు పూయదలచినవాడు, ఆ రంగును నమ్మి వచ్చేవాళ్ల బరువెంతో ముందే కనుక్కోవడం మంచిది.