ఎవరికోసం తిరుగుతోందీ ఫ్యాన్?

ఆ రోజు పొద్దున్న వేసుకున్న పథకంలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు. పదింటికి అల్లుడు బండి తీస్తాడు, మామగారు వెనక కూర్చుంటారు, పదిన్నరకల్లా ఇద్దరూ హాలు దగ్గర దిగుతారు. పదకొండింటికి విద్యుత్ పొదుపు సభ మొదలవుతుంది. అందులో మామగారు ఐదు నిమిషాలు మాట్లాడతారు, ముఖ్య అతిథిగా వచ్చే పెద్ద ఇంజనీరు చేతుల మీదుగా జ్ఞాపిక అందుకుంటారు. మధ్యాహ్నానికి అల్లుడు మళ్ళీ తన కళ్ళద్దాల దుకాణంలో ఉంటాడు.

కూతురు మాత్రం ఆటో పిలుద్దామంది. "ఇంత ఎండలో నాన్నని బండి మీద తీసుకెళ్ళడం అవసరమా?" అని మొగుణ్ణి అడిగింది. ఆ మాట అల్లుడికి గుచ్చుకుంది. బండి కొని ఆరు వారాలే అయింది. కొనేముందు ఇంటిల్లిపాదీ వద్దన్నారు, అందరికంటే ముందు, ఊరినుంచి ఫోన్ చేసి మరీ వద్దన్నది మామగారే. ఇంజన్ని చల్లబరిచే రేడియేటర్ అనేది లారీలకు ఉండాల్సిన వస్తువనీ, మనిషన్నవాడు మామూలు బండి కొనుక్కోవాలనీ ఆయన అభిప్రాయం. అందుకే ఆయన్ని వెనక ఎక్కించుకుని, హాలు మెట్ల ముందు సకాలంలో దింపి, ఆయన నోటితోనే 'బండి బాగుందోయ్' అనిపించుకోవాలని అల్లుడు పంతం పట్టాడు.

మామగారి సంగతి వేరు. ఆయన ముప్పైమూడేళ్ళు కరెంటు ఆఫీసులో మీటర్ రీడింగులు తీశారు. గుమ్మం దగ్గర నిలబడి, మీటర్లో చక్రం తిరిగే వేగం చూసి, లోపల ఎన్ని ఫ్యాన్లు తిరుగుతున్నాయో చెప్పగలిగేవారు. అంత పనితనం ఉన్న మనిషిని ఎవరూ ఎన్నడూ నాలుగు మాటలు చెప్పమని అడగలేదు. రిటైరైన రోజున ఒక్కసారి అడిగారు. ఆయన మైకు చేతిలోకి తీసుకుని గొంతు సవరించుకునేసరికి కరెంటు పోయింది. అది తిరిగి వచ్చేలోపు జనం వెళ్ళిపోయారు. ఆ గొంతు ఇన్నేళ్ళూ సవరించుకున్నది సవరించుకున్నట్టే ఉండిపోయింది. ఇప్పుడు ఈ సభ కోసం మూడు వారాలపాటు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, మూడు పేజీల ఉపన్యాసం సిద్ధం చేసుకున్నారు. అద్దం ముందు ఇరవైసార్లు చదువుకున్నారు. ఈసారి కూడా తప్పిపోతే మళ్ళీ పిలుపు రాదని ఆయనకు తెలుసు.

ఉపన్యాసంలోని సారాంశమేమిటో ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. మనిషి లేని చోట ఫ్యాన్ తిరగకూడదు. ఆయన కూతురింటికి వచ్చి నెలైంది. ఆ నెలలో మంచినీళ్ళకని లేచి వెళ్ళి వచ్చిన ఎవరికీ తిరుగుతున్న ఫ్యాన్ దక్కలేదు. ఖాళీ గదిలో ఫ్యాన్ చప్పుడు వినిపిస్తే చాలు, "ఎవరికోసం తిరుగుతోందీ ఫ్యాన్?" అంటూ వచ్చేసేవారు. ఒకసారి కూతురు మంచం అవతల కింద కూర్చుని బట్టలు మడతపెడుతుంటే గది ఖాళీగా ఉందనుకుని ఆపేశారు. ఆవిడ లేచి నిలబడితే, కనిపించేట్టు కూర్చోమని ఆవిడకే చెప్పారు.

ఇక ముందురోజు సాయంత్రం జరిగింది చెప్పాలి. అల్లుడు దుకాణం నుంచి వచ్చి, బండి షెడ్డులో పెట్టి, తాళం తీసుకుని స్నానానికి పోయాడు. బండి లోపల, ముందు చక్రం వెనకాల, అరచేయంత ఫ్యాన్ ఒకటి గిర్రున తిరుగుతూనే ఉంది. అంతవరకు షెడ్డు వైపు వెళ్ళని మామగారి కంట అది పడింది. బండి ఆగింది, తాళం తీసేశారు, దాని మీద మనిషి లేడు. బాత్రూం తలుపు దగ్గరికెళ్ళి రెండుసార్లు పిలిచారు, లోపల నీళ్ళ చప్పుడులో ఆ పిలుపు కలిసిపోయింది. ఇలా వదిలేస్తే పొద్దుటికి బ్యాటరీ చచ్చి ఊరుకుంటుందని ఆయన భయపడ్డారు. స్విచ్ కోసం వెతికారు, దొరకలేదు. వైర్లు ఆయనకు కొత్త కాదు కాబట్టి రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి ప్లగ్గు ఊడదీశారు. ఫ్యాన్ ఆగిపోయింది. ఆయన మనసు తేలికపడింది. ఆ ఊపులోనే వెళ్ళి ఉపన్యాసం మూడో పేజీ అడుగున నాలుగు వాక్యాలు చేర్చారు.

పొద్దున్న పదింటికి ఇద్దరూ బయల్దేరారు. మామగారు ఇస్త్రీ చేసిన నల్ల కోటు తొడుక్కున్నారు, ఒళ్ళో ఉపన్యాసం ఫైలు పెట్టుకున్నారు. రెండు వీధులు దాటేవరకు బండి బాగానే పోయింది. పెద్ద రోడ్డెక్కేసరికి ఒక పక్కంతా తవ్వి పెట్టారు. బస్సులు, లారీలు, కార్లు అన్నీ ఒకే వరసలో కదలకుండా నిలబడి ఉన్నాయి. పైన ఎండ, కింద తారు, మధ్యలో వీళ్ళు.

అల్లుడి ముందున్న చిన్న తెరమీద వేడి చూపించే గడులు ఒక్కొక్కటే వెలగడం మొదలుపెట్టాయి. అయిదు, ఆరు, ఏడు. మామగారికి కాళ్ళ దగ్గర సెగ తగిలి, కొత్త బండి కదా, బలం బాగా ఉన్నట్టుందని మెచ్చుకున్నారు. ఆరు వారాలుగా ఎదురుచూస్తున్న మెప్పు అది. సరిగ్గా అప్పుడే ఎర్ర దీపం వెలిగింది.

అల్లుడు బండిని పక్కకు తోసుకొచ్చి షోరూముకు ఫోన్ చేశాడు. అక్కడి అమ్మాయి ముందు ఫ్యాన్ ఎలా ఉందో చూడమంది. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని ఉన్న అల్లుడు, పక్కనే కరెంటు మనిషి ఉండగా తాను వంగడమెందుకనుకున్నాడు.

"మామయ్యగారూ, ముందు చక్రం వెనకాల చిన్న ఫ్యాన్ ఉంటుంది. సరిగ్గా ఉందా లేదా ఒకసారి చూడండి."

మామగారు వంగి చూశారు. నిన్న తాను ఎలా వదిలారో అలాగే ఉంది. "చాలా సరిగ్గా ఉంది బాబూ. చిన్న చప్పుడు కూడా లేదు" అన్నారు తృప్తిగా.

ఫ్యాన్ చక్కగా ఉందని అల్లుడు ఫోన్లో చెప్పాడు. అయితే ఇంజన్ని చల్లబరిచే నీళ్ళు, అదే కూలెంట్, తగ్గి ఉంటుందనీ, అరగంట ఆగి బండి చల్లారాకే కదలమనీ ఆ అమ్మాయి చెప్పింది. అప్పటికి టైము పదీ నలభై. అరగంట ఆగే తీరిక వీళ్ళకు లేదు. అల్లుడు ఎదురుగా ఉన్న దుకాణంలో రెండు పెద్ద నీళ్ళసీసాలు కొనుక్కొచ్చి, ఒకటి మూత తీసి ఇంజన్ మీద కుమ్మరించాడు.

సుయ్యిమని లేచిన ఆవిరిలో ముందు బండి కనబడకుండా పోయింది, తర్వాత అల్లుడు, ఆ తర్వాత మామగారు. ఎవరో బండి అంటుకుందని అరిచారు. పక్కనే కుర్చీలూ బల్లలూ అమ్మే పెద్ద దుకాణం ఒకటుంది. దాని కాపలాదారు పదకొండేళ్ళుగా గోడకున్న, మంటలార్పే ఎర్ర సిలిండరును రోజూ తుడుస్తున్నాడే గానీ, వాడే భాగ్యం అతనికి ఒక్కనాడూ కలగలేదు. ఆ అరుపు చెవిన పడగానే సిలిండరు భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. మంట లేదని అల్లుడు చేతులూపుతూ చెబుతున్నాడు. అంతదూరం వచ్చాక అలాంటి మాటలు వినే స్థితిలో కాపలాదారు లేడు. పిన్ను లాగి, లోపలున్న తెల్లపొడి అంతా అయ్యేదాకా కొట్టాడు.

గాల్లో లేచిన పొడి అంతా కిందికి దిగాక చూస్తే, మామగారి నల్ల కోటు తెల్ల కోటయింది. కనుబొమలు, మీసం, ఫైలు, అన్నీ తెల్లబడ్డాయి. జనం మూగారు. ఉన్న ఒక్క వరసా ఆగిపోయింది. వెనక హారన్లు ఎంత దూరం నుంచి వస్తున్నాయో ఊహించడం కష్టం. జనాన్ని తోసుకుంటూ ట్రాఫిక్ పోలీసు వచ్చాడు. అతని దగ్గరా ఇలాంటి బండే ఉందట. సంగతంతా విని, ఫ్యాన్ తిరగకపోతే ఈ ట్రాఫిక్‌లో ఏ బండైనా ఇంతేనన్నాడు.

"నడుస్తున్నప్పుడు ఎదురుగాలి ఉంటుంది కాబట్టి సరిపోతుంది. ఆగినప్పుడే దీనికి ఫ్యాన్ కావాలి. తాళం తీసేసినా, ఇంజన్ చల్లారేదాకా కాసేపు దానంతటది తిరుగుతుంది. తిరగాలి కూడా."

మామగారు ఆ మాట విన్నారు. పొడి పూసుకున్న మొహంలో రంగు మారడం ఎవరికీ కనిపించదు గానీ, మారింది. చాటుగా ప్లగ్గు పెట్టేద్దామంటే, మూగిన జనం కళ్ళన్నీ ఆ బండి మీదే ఉన్నాయి. నోరు విప్పితే అల్లుడి ముందు పరువు పోతుంది, విప్పకపోతే సభ పోతుంది. ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు.

బండి చల్లారేదాకా దేనితోనైనా విసరమని చెప్పి పోలీసు హారన్ల వైపు వెళ్ళాడు. అల్లుడు ఫైలు కోసం చెయ్యి చాచాడు. మామగారు దాన్ని గుండెకు హత్తుకున్నారు. "నువ్వు ఉండు బాబూ, నేను విసురుతాను" అని రోడ్డు మీదే గొంతుక్కూర్చుని విసరడం మొదలుపెట్టారు. ఖాళీ గదిలో ఫ్యాన్ తిరిగితే ఓర్వలేని మనిషి, నడిరోడ్డు మీద, ఎండలో, తానే ఫ్యానై కూర్చున్నారు. చెమట పొడిలో కలిసి చెంపల మీద చారలు కట్టింది.

ఆ దృశ్యం చూసి అల్లుడి మనసు కరిగిపోయింది. తన బండి మోజు కోసం పెద్దాయన్ని ఇలా చేశానే అని నిజంగానే బాధపడ్డాడు. మీరు కూర్చోండంటూ బలవంతాన ఫైలు లాక్కున్నాడు. లాగేసరికి కాగితాలు బయటికి జారాయి. మూడో పేజీ చేతికి దొరికింది. దానితోనే నాలుగుసార్లు విసిరాడు. అయిదోసారికి కళ్ళు దాని అడుగున ఉన్న వాక్యాల మీద పడ్డాయి.

'ఉదాహరణకు, నిన్న సాయంత్రం మా అల్లుడి బండి షెడ్డులో ఆగి ఉండగా దానిలోని ఫ్యాన్ వృథాగా తిరుగుచుండెను. నేను ఏమాత్రం ఆలస్యం చేయక దాని ప్లగ్గు ఊడదీసితిని. యువతరానికి వస్తువు కొనడం తెలిసినంతగా వాడడం తెలియదు. దీనికి మా అల్లుడే నిదర్శనం.'

అల్లుడు మొదటిసారి మామూలుగా చదివాడు. రెండోసారి నెమ్మదిగా చదివాడు. తర్వాత వంగి, ముందు చక్రం వెనకాల చూశాడు. ప్లగ్గు వేలాడుతోంది. అద్దం మీద వెంట్రుకంత గీతను కూడా పట్టుకోగల తన కళ్ళు ఇంతసేపూ ఎక్కడున్నాయోనని తనను తాను తిట్టుకున్నాడు. ప్లగ్గు నొక్కాడు, తాళం తిప్పాడు. ఫ్యాన్ గిర్రుమంది.

మామగారు కాలిబాట అంచున కూలబడ్డారు. "తప్పు నాదే బాబూ. పోలీసు చెప్పినప్పుడే తెలిసింది, చెప్పడానికి నోరు రాలేదు. ఇంటికి పోదాం పద. పొదుపు గురించి నేనేం మొహం పెట్టుకుని మాట్లాడతాను?"

అల్లుడి దగ్గర అనడానికి చాలా మాటలు ఉన్నాయి, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి కూడా. కానీ పొడి కొట్టుకుపోయిన ఆ కోటు, దాని జేబులో పెట్టుకున్న గొంతు బిళ్ళల పొట్లం అతని కళ్ళబడ్డాయి. ఈయన మైకు కోసం ముప్పైమూడేళ్ళకు పైగా ఎదురుచూశారు. అల్లుడు కాగితాలు ఏరి, వరసలో పెట్టి, ఆయన చేతికిచ్చాడు.

"ఎక్కండి మామయ్యగారూ" అన్నాడు.

గడులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. హాలు చేరేసరికి పదకొండూ ఇరవై అయిదు. మామగారి వంతు దాటిపోయి ఉంటుందని మెట్ల దగ్గరే ఇద్దరూ ఆశ వదులుకున్నారు. తీరా చూస్తే సభ ఇంకా మొదలే కాలేదు. సభ పెట్టిన సంఘం కార్యదర్శి పరుగున ఎదురొచ్చాడు. ముఖ్య అతిథి కారు పెద్ద రోడ్డు మీద ఇరుక్కుపోయిందట. ఎవడో నడిరోడ్డు మీద బండి తగలబెట్టుకున్నాడట. మామా అల్లుళ్ళిద్దరూ గోడకున్న గడియారాన్ని శ్రద్ధగా చూశారు.

"ఆయన వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టాలి. ఐదు నిమిషాలని ఏం లేదండీ, మీ ఇష్టం వచ్చినంతసేపు మాట్లాడండి" అని కార్యదర్శి మామగారిని వేదిక ఎక్కించాడు. మొహానికున్న పొడి సంగతి అడిగే తీరిక అతనికి లేదు.

మైకు పనిచేసింది, కరెంటు పోలేదు. మామగారు రెండు పేజీలు గడగడా చదివారు. మూడో పేజీ తిప్పి, అడుగుదాకా వచ్చి ఆగారు. వెనక వరసలో అల్లుడు, ఆ నాలుగు వాక్యాలూ వదిలేస్తే బాగుండునని కోరుకున్నాడు. మామగారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నిన్న సాయంత్రం నుంచి ఇప్పటిదాకా జరిగిందంతా, కాపలాదారుతో సహా, ఒక్క ముక్క దాచకుండా చెప్పారు. హాలు నవ్వీ నవ్వీ అలిసిపోయింది.

"మనిషి లేని చోట ఫ్యాన్ ఆపమని ఊరందరికీ చెప్పుకుంటూ వచ్చాను. ఆపేముందు ఎవరికోసం తిరుగుతోందో అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలని ఇవాళ తెలిసింది. మా అల్లుడికి వస్తువు వాడడం తెలుసు. బండి కూడా బాగుంది."

చప్పట్లు మోగుతుండగానే తలుపు దగ్గర ముఖ్య అతిథి కనిపించారు. చెమటతో తడిసి ముద్దయి ఉన్నారు, చివరి భాగమంతా విన్నట్టే ఉన్నారు. వేదిక మీదికి వచ్చి మామగారిని పైనుంచి కిందిదాకా చూసి, "ఆ బండి మీదేనా?" అని ఒక్క మాట అడిగి, జ్ఞాపిక చేతిలో పెట్టారు. కార్యదర్శి ఫోటో తీయించాడు. అందులో మామగారి కంటే ముఖ్య అతిథే ఎక్కువ అలిసిపోయినట్టు కనిపిస్తారు.

ఆ ఫోటో ఇప్పుడు కూతురింటి ముందు గదిలో ఉంది. రోజూ సాయంత్రం అల్లుడు బండి షెడ్డులో పెట్టి తాళం తీయగానే, మామగారు మడతకుర్చీ తెచ్చి ముందు చక్రం పక్కన వేసుకుని కూర్చుంటారు. ఒకరోజు అల్లుడు ఉండబట్టలేక, ఎవరికోసం తిరుగుతోందీ ఫ్యాన్ అని ఆయన్నే అడిగాడు.

"ఇంజన్ కోసమే. కానీ చూసేవాళ్ళకు ఫ్యాన్ దగ్గర మనిషి కనిపించాలి కదా బాబూ, అందుకని కూర్చున్నాను" అన్నారు మామగారు.

అది చల్లారడానికి మూడు నిమిషాలు పడుతుంది, దాని వేడిగాలికి ఎదురుగా కూర్చున్న ఆయన చల్లారడానికి ఇంట్లో ఇంకో ఫ్యాన్ వేయాల్సి వస్తోంది.