ఇరవై అయిదడుగుల పాపకు దిష్టి చుక్క

సముద్రపు గాలి ఆరోగ్యానికి మంచిది కాదు. ఈ సత్యాన్ని డాక్టర్లు కనిపెట్టారనుకుంటున్నారా? కాదు! హోర్డింగు కంపెనీలవాళ్ళు కనిపెట్టారు. కనిపెట్టి ఊరుకోకుండా మన ఇళ్ళకీ సముద్రానికీ మధ్య ఇనపరేకులు నిలబెట్టి మనల్ని కాపాడుతున్నారు కూడా. మేలు చేసినవాళ్ళకు థాంక్స్ చెప్పే అలవాటు ఈ చెన్నైలో ఎవరికీ లేదు గనుక ఆ పని నేను నెత్తికెత్తుకున్నాను.

రాయపురంలో ముత్తయ్యశెట్టి సందునే తీసుకోండి. పప్పులూ మిరపకాయలూ టోకున అమ్ముకునే తెలుగువాళ్ళు తరాల తరబడి కాపురముంటున్న సందు. పడమటి కొసన మెయిన్ రోడ్డూ, బస్టాపూ. తూర్పు కొసన పొట్టి ఉప్పు గోదాము, దాని వెనక సముద్రం. మధ్యాహ్నం రెండున్నర అయ్యేసరికి గోదాము నెత్తిమీదుగా గాలి వచ్చేది. ఎవరి పర్మిషనూ లేదు, ముందుగా కబురూ లేదు! ఇంత క్రమశిక్షణ లేని గాలిని ఎన్నాళ్ళని సహిస్తాం?

ఊరి పేరు మారి ఏడాది తిరక్కముందే, తొంభై ఏడు మార్చిలో, గోదాము నెత్తిన గగన్ పబ్లిసిటీస్ వారి హోర్డింగు లేచింది. బస్సు దిగేవాడికి సూటిగా కనబడేటట్టు ఇరవై అయిదడుగుల ముద్దుపాప! ఒంటిమీద నూలుపోగు లేదు, పౌడరు మాత్రం ఉంది. బోసినోట్లో రెండు పళ్ళు. పక్కన 'ముద్దుపాప బేబీ పౌడర్' అని తమిళంలో, ఇంగ్లీషులో.

దానివల్ల సందుకు కలిగిన లాభాలు చెప్పాలంటే ఈ పేజీ చాలదు. అటకలమీద దుమ్ముకొట్టుకుపోయిన విసనకర్రలు కిందికి దిగాయి. గాలికి ఎగిరిపోయే చీరలకోసం పక్కింటి డాబాలమీదికి పరుగెత్తే బాధ తప్పింది. క్రికెట్ ఆడే పిల్లకాయలకు బౌండరీ గొడవ తీరిపోయింది, బంతి పాప బొజ్జకు తగిలితే సిక్సరు! ఇక చెమట సంగతంటారా, ఒంట్లోని చెడు నీరు బయటికి పోవడానికి జనం వేలు పోసి ప్రకృతి వైద్యశాలల్లో చేరడం లేదా? ముత్తయ్యశెట్టి సందులో అది ఫ్రీ.

ఇన్ని లాభాలున్నా ఒక్క మనిషికి మాత్రం తృప్తి లేకపోయింది. ఆమె పేరు కనకవల్లి.

పప్పుల మండీ వెంకటపతిగారి భార్య. అరవై దాటింది. పదహారో ఏట ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున అత్తగారు వీధి అరుగు చూపించి, "రెండున్నరకి పనంతా ఆడ పెట్టేసి ఈడొచ్చి కూచో. నాలుక్కి లేద్దువు. మధ్యలో ఎవురు పిల్చినా పలకబాకు" అంది. ఊరగాయ జాడీకి కూడా తాళం వేసుకునే అత్తగారు కోడలికి ఇష్టంగా ఇచ్చిన ఆస్తి అదొక్కటే. నలభై అయిదేళ్ళు కనకవల్లి దాన్ని చక్కగా అనుభవించింది. ఆ గంటన్నరలో ఆమె ఎవరికీ భార్య కాదు, తల్లి కాదు, అత్త కాదు. కొంగు వదులు చేసుకుని గాలికి కూచున్న ఒక మనిషి, అంతే.

ఇప్పుడు రెండున్నరకి కూచుంటే వీపు తడుస్తోంది తప్ప గాలి రావడం లేదు. ఉండబట్టలేక రెండూముప్పావుకే లేచి లోపలికి పోతే, "లేచినావా? కాస్త కాఫీ పెట్టు" అని ఎవరో ఒకరు అననే అంటారు. వారం తిరిగేసరికి ఆమె గంటన్నర కాస్తా ఇంటిపనిలో కలిసిపోయింది. కనకవల్లికి ఏడుపొచ్చింది. గాలికోసం ఏడిస్తే నలుగురూ నవ్విపోతారని ఉల్లిపాయల తట్ట ముందేసుకుని మరీ ఏడ్చింది.

వెంకటపతిగారు పెద్దమనిషి. పెద్దమనుషులు చేసే పనే ఆయనా చేశాడు, అర్జీ పెట్టాడు. ఒకటి కాదు, పదకొండు. చివరికి సంబంధిత ఆఫీసులో సంబంధిత గుమాస్తా ఆయన్ని కూచోబెట్టి ఎంతో మర్యాదగా ఒక ప్రశ్న వేశాడు. "స్థలానికి పట్టా ఉంటుంది. గోడకు పట్టా ఉంటుంది. మీ గాలికి పట్టా ఉందా సార్?"

లేదు! ఎంత న్యాయమైన ప్రశ్న! వెంకటపతిగారు తలదించుకుని ఇంటికొచ్చాడు.

ఆ మధ్యాహ్నమే కనకవల్లి అరుగుమీద కూచుని పాపకేసి చాలాసేపు చూసి, కోడల్ని పిలిచింది.

"శ్రీప్రియా, ఆ బిడ్డని చూస్తివా?"

"దినమూ చూస్తానే ఉండాం కదత్తా. మన గాలంతా ఆపేసి ఎట్ల నవ్వుతాందో చూడు!"

"బిడ్డని ఏం అనబాకు. పెద్దోళ్ళు చేసినదానికి పసిబిడ్డ ఏం చేస్తాది? నేను చెప్పేది అది కాదు. బుగ్గన చుక్క లేదు చూడు. బస్టాపులో నిలబడినోళ్ళ కండ్లన్నీ దాని మీదే. కన్నతల్లి ఎవురో గానీ ఇట్ట బయట కూచోబెట్టి పోయిండాది."

శ్రీప్రియ అత్తగారి చూపు వెంట పాప బుగ్గకేసి చూసింది. పెళ్ళికి ముందు ఆ పిల్ల రెండేళ్ళు పెయింటింగ్ నేర్చుకుంది. పెళ్ళయ్యాక ఆ కళంతా వాకిట్లో ముగ్గుకే సరిపోతోంది. "ఆమా అత్తా, నిజమే, పాపం కదా!" అంది.

కనకవల్లి నిజంగా జాలిపడే అన్నదా, ఎత్తు వేసే అన్నదా? నేను విచారించాను. ఏ బిడ్డను చూసినా ఆమెకు ముందు బుగ్గే కనబడుతుందని సందంతా సాక్ష్యం చెప్పింది. శ్రీప్రియ మాత్రం నవ్వి ఊరుకుంది.

మూరెడు బిడ్డకు చింతగింజంత చుక్క పెడితే ఇరవై అయిదడుగుల బిడ్డకు ఎంత పెట్టాలి? లెక్క వేస్తే దోసె పెనమంత తేలింది. సందులో ఉన్న కాటుక డబ్బీలన్నీ ఖాళీ అయ్యాయి. చాలకపోతే మసీ ఆముదమూ నూరారు. రాత్రి నిచ్చెన ఎక్కింది శ్రీప్రియ, పట్టుకున్నది గోదాము వాచ్‌మన్ మోసెస్. "మీకేం అభ్యంతరం లేదు కదా?" అని శ్రీప్రియ మొహమాటపడితే, "మా ఇంట్లోనూ పెడతామమ్మా. చర్చికి పొయ్యే దినం మాత్రం అరికాల్లో పెడతాం, ఫాదర్‌కి తెలీకుండా" అన్నాడు.

తెల్లారి బస్టాపులో జనం పాపను చూసి తృప్తిగా తలలూపారు. మరుసటి వారం పాప చేతులకు నల్లగాజులు వచ్చాయి. ఆపై వారం మొలతాడు. శుక్రవారం సాయంత్రం కనకవల్లి గోదాము ముందు నిలబడి ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. మిరపకాయలు మండీవే, కొదవేముంది? కండక్టర్లు ఆ స్టాపును 'దిష్టిపాప స్టాపు' అని కేకేయడం మొదలుపెట్టారు. పౌడరు పేరు ఎవరికీ గుర్తులేకపోయింది.

అప్పుడు టి. నగర్‌లోని గగన్ పబ్లిసిటీస్ ఆఫీసునుంచి విఘ్నేష్ అనే యువకుడు టై కట్టుకుని, నోటీసు పట్టుకుని వచ్చాడు. తెలుగింటి పిల్లాడే. కనకవల్లి అతనికి ముందు మజ్జిగ ఇచ్చింది.

"పెద్దమ్మా, ఇది మా ప్రాపర్టీ. మీరిట్ల డ్యామేజ్ చేసేది తప్పు."

"డ్యామేజా? బిడ్డకి చుక్క పెట్టేది డ్యామేజా? నీకు పిల్లకాయలుండారా నాయనా?"

"లేదు పెద్దమ్మా. ఇప్పుడే, అంటే... మా ఆమెకి నాలుగో నెల."

"అదీ సంగతి. ఇంకో ఆరు నెల్లకి నువ్వే నోటీసు చించేస్తావు. ఇంకొంచెం మజ్జిగ తాగు."

అయినా ఉద్యోగధర్మం ఉద్యోగధర్మమే కదా! రెండోరోజే కంపెనీ పెయింటర్ ఏళుమలై టర్పెంటైనూ గుడ్డలూ తీసుకుని పైకెక్కాడు. చుక్క తుడిచాడు, గాజులు తుడిచాడు, మొలతాడు తుడిచాడు. వాటితోపాటు పాప చర్మమూ పలచబడింది. ముందునుంచి చిత్తిరై నెల నడివేసవి ఎండ, వెనకనుంచి దారి దొరకని ఉప్పుగాలి. మూడోనాటికి పాప ఒళ్ళంతా పెయింటు పొక్కులు పొక్కులుగా లేచింది.

కనకవల్లి అరుగుమీదినుంచి ఒక్క చూపు చూసి చేతులు జోడించింది. "అమ్మవారు పోసింది!"

ఆ మాట బస్టాపు చేరడానికి అయిదు నిమిషాలు పట్టలేదు. సాయంత్రానికి గోదాము గుమ్మానికి వేపమండలు, వాకిట్లో పసుపునీళ్ళు. శ్రీప్రియ పాప చుట్టూ పచ్చరంగుతో వేపాకు తోరణం గీసింది. మళ్ళీ పెయింటు పూయమని పంపితే ఏళుమలై సగం నిచ్చెన ఎక్కి, చెప్పులు విప్పలేదని గుర్తొచ్చి గబగబా దిగిపోయాడు. అమ్మవారున్న ఒంటికి నూనె తగలకూడదు, తన దగ్గరున్నదేమో ఆయిల్ పెయింటు. కావాలంటే ఉద్యోగం తీసుకోమనీ, తనకు ఇద్దరు పిల్లలున్నారనీ దణ్ణం పెట్టి చెప్పాడు.

సందు సందంతా నియమం పట్టింది. అమ్మవారున్నచోట తాలింపు వేయకూడదు గనుక వెంకటపతిగారు చప్పిడి పప్పు తిన్నాడు. "ఇదేం ఖర్మ! మన బిడ్డా పాడా? పౌడరు కంపెనీవాడి బిడ్డ!" అని విసుక్కుంటే, "లెంపలేసుకోండి ముందు" అంది భార్య. వేసుకున్నాడు. వేసుకున్నాక ఆమె అసలు సంగతి చెప్పింది.

"అమ్మ పోసిన బిడ్డకి గాలి తగలాల కదండీ. ఇట్ట రేకులకేసి ఉడకబెడితే ఎట్ల? ఇంకో అర్జీ రాయండి. మనకోసం వద్దు. బిడ్డకోసం రాయండి."

పదకొండు అర్జీలకు కదలని గుమాస్తా పన్నెండోదాన్ని లేచి నిలబడి అందుకున్నాడు. పట్టా ఊసే ఎత్తలేదు. పసిబిడ్డకు గాలి ఆడక ఇబ్బందిగా ఉన్నందున వెంటనే తగిన చర్య తీసుకోవలసిందని ఫైలుమీద రాసి, కళ్ళకద్దుకుని పంపాడు. ఈలోగా ఒక సాయంకాలపు పేపరువాడు 'ముద్దుపాపకు అమ్మవారు' అని ఫోటో వేశాడు. అది చూసి పౌడరు కంపెనీ వాళ్ళకు గుండె జారిపోయింది. తమ పౌడరు పూసుకున్న పాపకు ఒళ్ళంతా పొక్కులని ఊరంతా చెప్పుకుంటే ఇంకేముంది? దించెయ్యండి, దించెయ్యండి అని ఫోనుమీద ఫోను!

దించింది మాత్రం కనకవల్లి చెప్పిన రోజునే. మూడోసారి తలకు నీళ్ళు పోసే రోజని లెక్క కట్టి, మోసెస్ చేత రెండు బిందెల నీళ్ళు పోయించి, ఏళుమలై చేత కర్పూరం వెలిగించి, ఒక్కొక్క రేకే విప్పించింది. ఆఖరి రేకు విప్పేసరికి రెండూ నలభై. గాలి తోసుకొచ్చింది. కనకవల్లి అరుగుమీద కూచుని కొంగు వదులు చేసుకుంది. లోపలినుంచి వెంకటపతిగారు ఎందుకో పిలిచాడు. ఆమె పలకలేదు.

కథ ఇక్కడితో అయిపోతే మీరంతా హోర్డింగులకు శత్రువులైపోతారు. అందుకే మిగతాది కూడా చెబుతున్నాను.

పన్నెండు రోజుల తర్వాత విఘ్నేష్ మళ్ళీ వచ్చాడు. ఈసారి నోటీసు లేదు, చుట్టచుట్టిన పెద్ద డ్రాయింగు ఉంది. ఆ సందులో ఏ బొమ్మ నిలబెట్టాలన్నా ముందు పెద్దమ్మకు చూపించి రమ్మని మేనేజరు ఆర్డరట! తర్వాత ఆవిడ ఏ జబ్బు పేరు చెబుతుందోనని భయం.

డ్రాయింగు విప్పాడు. సీలింగ్ ఫ్యాను! కింద, 'మీ ఇంట్లోనే సముద్రపు గాలి'.

కనకవల్లి దాన్ని చూసింది, అతన్ని చూసింది. "కూచో నాయనా, చెబుతా" అంది. అప్పటికి రెండున్నర. గాలి వచ్చింది. విఘ్నేష్ టై వదులు చేసుకున్నాడు. స్తంభానికి చేరగిలబడ్డాడు. తర్వాత అతనికేమీ గుర్తులేదు. నాలుగింటికి మెలకువ వచ్చి చూస్తే డ్రాయింగు ఎదురింటి గుమ్మంలో పడి ఉంది, క్లయింటుతో మీటింగు ఎప్పుడో అయిపోయింది.

"నీ బొమ్మ బాగానే ఉండాది" అంది కనకవల్లి కాఫీ ఇస్తూ. "కానీ ఈ గాలిని ఆపేసి ఆ గాలి అమ్మాలంటే నీకెట్ల ఉంటుందో నువ్వే చెప్పు."

అతను లేచి ఎదురింటి గుమ్మంలోకి వెళ్ళాడు. డ్రాయింగు తెచ్చుకుని, మోకాలిమీద పరచుకుని, మిగతాదంతా కోసెయ్యమన్నట్టు పెన్సిలుతో రెక్కల చుట్టూ గీత గీశాడు. ఈ ఊళ్ళో కటౌట్లకు తక్కువేముంది? వారంలో ఏళుమలై దాన్ని నిలబెట్టాడు. మూడే మూడు రెక్కలు, మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీలోంచి గాలి బస్టాపుదాకా పోతోంది. "అబ్బ, బొమ్మకే ఇంత గాలా!" అని జనం ఆ ఫ్యాన్లు తెగ కొంటున్నారు.

చూశారా! హోర్డింగులవల్ల గాలి కూడా వస్తుందని ఇప్పటికైనా ఒప్పుకుంటారా?

ఒక చిన్న ఇబ్బంది మాత్రం ఉంది. కొన్నవాళ్ళకు ఇంటికి పోయి బిగించుకుంటే ఆ గాలి రావడం లేదట. ఒకడైతే ఫ్యాను డబ్బా చంకనబెట్టుకుని, అదే స్టాపులో దిగి, బొమ్మకింద నిలబడి కేకలేశాడు. కనకవల్లి అతన్ని కోప్పడలేదు. అరుగుమీద కాస్త పక్కకు జరిగి, "ఈడ కూచో నాయనా, నాలుగింటిదాకా మాట్లాడబాకు" అంది.

ఆ ఒకణ్ణి నేనే. ఇదంతా ఆ అరుగుమీద కూచునే రాస్తున్నాను. కాగితాలు ఒకటే ఎగురుతుంటే వాటిమీద ఫ్యాను రెక్క బరువు పెట్టుకున్నాను. కొన్నందుకు ఆ మాత్రం పనికొచ్చింది.