లావు పన్ను

ఈ సంగతి నేను చెప్పానని మా ఆవిడతో అనకండి. అంటే కొత్తగా పోయేదేమీ లేదు గానీ, ఇంకోసారి నవ్వుతుంది. ఆ నవ్వు నాకు అస్సలు పడదు.

మా ఇంటి వెనక రేకుల గదిలో లోహాన్ని కోసే మిల్లింగ్ మెషీన్ ఉంది. దాని మీద రోటరీ టేబుల్ అని ఒక గుండ్రటి ఇనుప బల్ల. లోహపు బిళ్ళను దాని మీద బిగించి, పక్కనున్న హ్యాండిల్ తిప్పితే బల్ల తాపీగా తిరుగుతుంది. ఒక పన్ను కోయాలి, లెక్కగా కొన్ని చుట్లు తిప్పాలి, ఇంకో పన్ను కోయాలి. అలా పళ్ళ చక్రం తయారవుతుంది. లెక్క తప్పితే చక్రం చెత్తబుట్టకే.

పదకొండేళ్ళుగా తిప్పేది నేను, లెక్కపెట్టేది మా ఆవిడ. స్టూలు మీద కూర్చుని, స్వెట్టర్ అల్లుతూ లెక్కపెడుతుంది.

"ఒకటి. వంటింటి కుళాయి బాగుచేస్తానని పోయిన నెల అన్నారు. రెండు. ఇంకా కారుతూనే ఉంది. అర. ఆగండి, కోయండి."

ఇన్నేళ్ళలో ఆవిడ లెక్క ఒక్కసారీ తప్పలేదు. కుళాయి సంగతీ ఒక్కసారీ మరిచిపోలేదు.

అందుకే గుట్టుగా ఒక స్టెప్పర్ మోటారు తెప్పించాను. హ్యాండిల్ పీకేసి దీన్ని బిగిస్తే చాలు, ఎన్ని చుట్లంటే అన్ని చుట్లు తిప్పి ఆగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, దానికి నోరు లేదు.

సరిగ్గా ఆ రోజే బన్ను బాబాయి రొట్టెల దుకాణంలో పిండి కలిపే మిషను చక్రం విరిగింది. ముప్ఫయ్యారు పళ్ళ చక్రం. అరవై దాటిన మనిషి, రెండు రోజులుగా మణుగుల కొద్దీ పిండి చేత్తోనే పిసుకుతున్నాడు. కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదు. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి రొట్టెలు పంపాలి. "ఇవాళ సాయంత్రం ఐదింటికల్లా చక్రం నీ చేతిలో ఉంటుంది బాబాయ్" అని మాటిచ్చింది మా ఆవిడ. లోహాలు పోతపోసే మా బావమరిది కంచు బిళ్ళ పోసి పంపాడు. ఇంకోటి కావాలంటే వారం ఆగాలన్నాడు.

ఆ మూడో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి మోటారు బిగించాను. మా ఆవిడ అల్లిక పట్టుకుని వచ్చింది.

"స్టూలు ఏదండీ?"

"ఇక నీకు ఆ శ్రమ ఎందుకోయ్. మోటారే లెక్కపెట్టుకుంటుంది."

"ఓహో" అంది. ఆ ఒక్క ఓహోకి నా వెన్ను జిల్లుమంది. ఆవిడ గుమ్మంలోనే కూర్చుంది.

మోటారు పెట్టె తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. హ్యాండిల్ ఎన్ని చుట్లు తిరిగితే బల్ల ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది?

పదకొండేళ్ళుగా ఆ బల్లతో కాపురం చేస్తున్నాను, ఆ ఒక్క అంకె నాకు తెలీదు! ఏనాడైనా లెక్కపెడితే కదా.

మోటారుతో వచ్చిన కాగితంలో ఉదాహరణకి నలభై అని ఉంది. అదే కొట్టాను. పూర్తి చుట్టు తిరగమంటే బల్ల సగమైనా తిరక్కుండా ఆగిపోయింది.

"ఏమోయ్" అన్నాను మామూలుగా, "ఊరికే అడుగుతున్నా, ఈ బల్ల ఒక చుట్టు తిరగాలంటే హ్యాండిల్ సుమారు ఎన్ని..."

"మోటారుని అడగండి."

"దానికి నోరు లేదే."

"అందుకేగా తెచ్చారు!"

సూదులు టకటకా ఆడుతూనే ఉన్నాయి. ఇక పౌరుషం వచ్చింది. కరెంటు ఆపి, హ్యాండిల్ ఉండే ఇరుసును వేళ్ళతో తిప్పుతూ నేనే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముప్ఫై దాకా బాగానే ఉంది. అరవై దాటాక ఫోను మోగింది. బన్ను బాబాయి.

"అబ్బాయ్, ఎందాకా వచ్చింది? ఈ చెయ్యి ఇంక నావల్ల కాదురా."

"అయిపోతోంది బాబాయ్" అని పెట్టేశాను. అరవై ఏడా, అరవై ఎనిమిదా? తిప్పే చెయ్యి ఆగిందా, ఆగలేదా? అరవై ఏడనుకుని సాగించాను. మొత్తం ఎనభై తొమ్మిది తేలింది. అంకె చూడటానికి పెద్దమనిషిలా ఉంది. కొట్టేశాను.

"కోసే ముందు చుట్టూ ఉత్తి గీతలు గీసి చూసుకోండి. చివరి గీత మొదటి గీతని కలిస్తేనే కోయండి" అంది మా ఆవిడ, తల ఎత్తకుండానే.

"గీతలకి టైము లేదు."

కోత మొదలైంది. మొదటి పన్ను, రెండోది, పదోది, అన్నీ ముచ్చటగా వచ్చాయి. నేను ఈల కూడా వేశాను. ముప్ఫయ్యో పన్ను దగ్గర ఈల ఆగింది. మిగిలిన జాగా కాస్త ఎక్కువగా కనిపిస్తోంది. ముప్ఫై మూడు. ముప్ఫై నాలుగు. ఇప్పుడు ఆపినా లాభం లేదు, కోసిన లోహం మళ్ళీ అతుక్కోదు.

చివరి పన్ను మిగతావాటికి దాదాపు రెట్టింపు లావుగా తేలింది.

మిషను ఆపేశాను. మూడున్నర అయింది. ఉన్న ఒక్క బిళ్ళా పాడైంది. బాబాయి భుజం కళ్ళముందు మెదిలింది. మా ఆవిడ ఇచ్చిన మాట నావల్ల నీటిపాలైంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"చక్రం పోయిందే" అన్నాను.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. పిండి డబ్బా మూత చప్పుడైంది. తిరిగి వచ్చి, పిండి దులుపుతూ ఇంకో కంచు బిళ్ళ నా ముందు పెట్టింది.

"ఇదెక్కడిది?"

"మోటారు గడప దాటిన రోజే మా తమ్ముడికి ఫోన్ చేశాను. ఒకటి కాదు, రెండు పొయ్యమని. మీ సంగతి నాకు తెలీదూ?"

"మరి ముందే చెప్పొచ్చుగా!"

"నన్నెవరైనా అడిగారా?"

గొంతు సవరించుకున్నాను. "ఎన్ని చుట్లు?"

"ఊరికే అడుగుతున్నారా, నిజంగా అడుగుతున్నారా?"

"నిజంగానే అడుగుతున్నానే తల్లీ!"

"తొంభై."

ఒక్కటంటే ఒక్క చుట్టు! స్టూలు నేనే తెచ్చి వేశాను. ముందు గీతలు గీశాను. చివరి గీత మొదటి గీత మీద వెంట్రుకవాసి తేడా లేకుండా పడింది. అప్పుడు గానీ కట్టర్ దించలేదు. మోటారు తిప్పుతుంటే ఆవిడ అల్లుకుంటూ పళ్ళు లెక్కపెట్టింది, మధ్యమధ్యలో కుళాయితో సహా. నేను ప్రతిదానికీ ఊఁ కొట్టాను.

ఐదుకి ఐదు నిమిషాలుండగా బాబాయి వచ్చాడు. ఎడమచేత్తో చక్రం అందుకుని, తిప్పి చూసి, "బంగారుతల్లివమ్మా" అన్నాడు. నావైపు చూడనైనా చూడలేదు.

ఆ రాత్రే కుళాయి బాగుచేశాను. పాడైన చక్రాన్ని చాటుగా పారేద్దామని చూస్తే గదిలో లేదు.

అన్నాలకి కూర్చున్నాక కనిపించింది. వేడి గిన్నెకి అడుగున పెట్టింది. ఇప్పటికీ రోజూ అక్కడే ఉంటుంది. నేను కూర్చోగానే దాన్ని చేత్తోనే మెల్లగా తిప్పి, ఆ లావు పన్ను సరిగ్గా నా కంచం వైపుకి వచ్చాక ఆపుతుంది.