మూడొద్దుల నవ్వు

ఆ మంగళవారం పొద్దున ఏడు గంటలకు ఫోన్ పట్టుకొని, ఏడుంపావుకల్లా దాన్ని బీరువాలో పెట్టేయాలని భాస్కర్ నిర్ణయించుకున్నాడు. ఇది డాక్టరు గారి మాట. గుండె దడగా ఉందని వారం కిందట వనపర్తిలో చూపించుకుంటే, ఆయన పరీక్షలన్నీ చేసి, "గుండెకు ఏ రోగమూ లేదు. మీరు ఇక్కడ కూర్చున్న కాసేపట్లోనే ఫోన్ పదకొండుసార్లు తీశారు. పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట. మధ్యలో ముట్టుకోవద్దు" అని మందుల చీటీ మీద మందు రాసినట్టే రాసిచ్చాడు.

పాన్‌గల్ మండలాఫీసులో ఇరవై ఏళ్లుగా ఫైళ్లతో కుస్తీ పడుతున్నా చెమట పట్టని భాస్కర్‌కు, ఎవరికైనా పుట్టినరోజు శుభాకాంక్షలు పంపి, మెసేజ్ కింది గీతలు నీలంగా మారాక కూడా జవాబు రాకపోతే అన్నం దిగదు. చూసి కూడా పలకలేదంటే ఏదో మనసులో పెట్టుకున్నాడని లెక్క. ఆ లెక్క ప్రకారం గద్వాలలో ఉన్న సొంత బావమరిదితో రెండు నెలలు మాట్లాడలేదు. ఆ బావమరిదికి పాపం ఫోన్ పగిలిపోయిందట.

సరే, ఏడింటికి ఫోన్ తెరిస్తే ఎనభై మూడు మెసేజ్‌లున్నాయి. చదువుతూ కూర్చుంటే పావుగంట ఏ మూలకు? అందుకే ఒక్కో గ్రూపూ తెరవడం, తగిన బొమ్మ పెట్టడం, బయటపడటం. వీపనగండ్ల వాళ్లది "మన ఊరు" అని ఒక గ్రూపు ఉంది. అందులో రెండువందల పన్నెండు మంది. జంగయ్య ఒక వీడియో పెట్టాడు. ఒక మేక జిరాక్స్ దుకాణంలో దూరి ఎవరివో ఆధార్ నకళ్లు నములుతోంది. భాస్కర్ నవ్వుకొని, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వే పసుపుపచ్చ ముఖాలు మూడు ఏరి, పంపించేశాడు.

పంపాక తల ఎత్తి చూశాడు. తాను తలొంచుకొని బొమ్మలు ఏరుకుంటున్న ఆ కొద్ది క్షణాల్లో మేకకూ తన నవ్వుకూ మధ్య ఇంకో మెసేజ్ వచ్చి కూర్చుంది. "మా నాయిన నాగప్ప తెల్లారుజామున కాలం చేసిండు. మధ్యాహ్నం రెండు గంటలకు మా చెల్కల అంత్యక్రియలు. బాలకృష్ణ." దాని కిందనే, ఇంకెవరూ నోరు విప్పకముందే, మొట్టమొదట భాస్కర్ మూడు ముఖాలతో పగలబడి నవ్వుతున్నాడు.

ఆ బొమ్మలను వేలితో అదిమిపట్టాడు. తన ఒక్కడికే తీసెయ్యాలా, అందరికీ తీసెయ్యాలా అని ఫోన్ అడిగింది. కంగారులో వేలు పోయి పోయి ఒక్కడికే అన్న దాని మీద పడింది. బొమ్మలు మాయమయ్యాయి, భాస్కర్ ఫోన్‌లో. పొరపాటైతే వెనక్కి తెచ్చుకోమని ఫోన్ ఐదు సెకన్లు అవకాశం కూడా ఇచ్చింది. ఆ ఐదు సెకన్లూ భాస్కర్ కళ్లు మూసుకొని దేవుడికి దండం పెట్టుకుంటున్నాడు.

"వనజా! సచ్చిన!" అని కేక పెట్టాడు.

వంటింట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది. "పొద్దుగాల ఏం మాటలవి? ఏమైంది?"

"నాగప్ప పెద్దనాయిన పోయిండు."

"అయ్యో! ఎట్ల పోయిండు?"

"నేను నవ్విన."

"మనిషి పోతే నవ్వుడేంది?" అని వనజ నోటి మీద చెయ్యేసుకుంది.

భాస్కర్ జరిగిందంతా చెప్పాడు. వనజ విని, "పోయి జోగులమ్మ పెద్దమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పు. అయిపోతది" అంది. అంత తేలికైన పనిని భాస్కర్ జీవితంలో ఎన్నడూ చేసి ఎరగడు. "ఏ ముఖం పెట్టుకొని చెప్పాలె? ఇగో, ఈ ఫోన్ బీరువాల పెట్టి తాళమెయ్యి. నేను కాళ్లు మొక్కినా ఇయ్యకు. అండ్ల ఎవరేం తిట్టిన్రో నేను సూడలేను" అన్నాడు.

నాగప్ప సొంత పెదనాన్న కాదు, అంతకంటే ఎక్కువ. భాస్కర్‌ది నాగప్ప ఊరికి అవతల, తండా దారిలో ఉన్న చిన్న ఊరు. వీపనగండ్ల హైస్కూల్లో చదివిన మూడేళ్లూ మధ్యాహ్నం జొన్నరొట్టె తిన్నది నాగప్ప భార్య జోగులమ్మ చేతి మీదుగానే. సైకిల్ నేర్పింది నాగప్ప. పడిన ప్రతిసారీ పక్కన నిలబడి పొట్ట పట్టుకొని నవ్వి, ఆ తర్వాతే లేపేవాడు. అలాంటి మనిషి పోతే ఒక్క కన్నీటి చుక్క రాలేదు. పావుగంట నుంచి తాను కుమిలిపోతున్నది మూడు పసుపు బొమ్మల గురించి. అది తెలిసివచ్చినప్పుడు భాస్కర్‌కు నిజంగా తన మీద తనకే అసహ్యం వేసింది.

బస్టాండుకు పోయే దారిలో జాఫర్ సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం ఉంది. భాస్కర్ ఆగి అడిగాడు. "జాఫర్ భాయ్, నా దాంట్ల తీసేసింది అందరి దాంట్లకెల్లి తీసెయ్యరాదా?"

"ఇంక రాదన్నా. ఆ రెండువందల పన్నెండు ఫోన్లు నా తాన రిపేరుకొస్తే జర సూస్త" అన్నాడు జాఫర్, స్క్రూలు ఏరుకుంటూ. "గంత పరేషాన్ ఎందుకు? పోయి చెప్పుకో."

ఆ సలహా ఇప్పటికే ఇంట్లో ఉచితంగా దొరికింది కాబట్టి భాస్కర్ బస్సెక్కాడు.

వీపనగండ్లలో నాగప్ప ఇంటి ముందు డప్పులు మోగుతున్నాయి. భాస్కర్ తేలు కుట్టిన దొంగలా ఒక గోడకు ఒదిగి నిలబడ్డాడు. జోగులమ్మ శవం తల దగ్గర కూర్చొని ఉంది. ఆమె తల ఎత్తి తన వైపు చూసేసరికి అతను అక్కడే కూలబడి భోరున ఏడ్చాడు. అందులో దుఃఖమెంతో, సిగ్గెంతో అతనికే తెలియదు. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం అంతా దుఃఖం కిందనే జమ కట్టారు. "సొంత కొడుకు గూడ గంత ఏడుస్తలేడు సూడు" అని ఆడవాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు. ఆ మాట విని బాలకృష్ణ ఇంకాస్త గట్టిగా ఏడ్చాడు.

అరుగు మీద బాలకృష్ణ ఫోన్ మోగుతోంది. ఎవరూ చూడకుండా దాన్ని అందుకొని తన పాపాన్ని ఒక్కసారి కళ్లారా చూసుకుందామని భాస్కర్ చెయ్యి చాపాడు. జంగయ్య చూడనే చూశాడు. "మంచి పని చేస్తున్నవ్ భాస్కరా. ఆ పిలగానికి ఫోన్లెత్తే సోయి యాడున్నది? నువ్వే సూసుకో" అన్నాడు. మట్టి చేసి వచ్చాక, బోరు కింద స్నానాలకు పోయే వాళ్లంతా వరసగా తమ ఫోన్లు కూడా తెచ్చి భాస్కర్ చేతుల్లో పెట్టారు. తొమ్మిది ఫోన్లు. తొమ్మిదింటిలోనూ తన నవ్వు ఉంది, తొమ్మిదింటికీ తాళాలున్నాయి. డాక్టరు ఒక్క ఫోన్ ముట్టుకోవద్దన్నందుకు భాస్కర్ అరగంట సేపు తొమ్మిదింటిని గుండెకు హత్తుకొని నిలబడ్డాడు.

స్నానం చేసి వచ్చిన శాంతయ్య తన ఫోన్ తీసుకుంటూ భాస్కర్ భుజం మీద చెయ్యేశాడు. ఊళ్లో పెద్దమనిషి, నాగప్పకు బాల్యస్నేహితుడు. "పొద్దుగాల గ్రూపుల నువ్వు పెట్టింది సూసినం భాస్కరా. నువ్వు గట్ల పెట్టినంక మేం ఊకుంటమా?" అన్నాడు గంభీరంగా. "మూడొద్దులకు తప్పకుండ రా. నీతోని జర పనున్నది."

భాస్కర్ మనసులోనే లెక్క కట్టాడు. అంటే చూశారు. మూడో రోజున అందరి ముందూ నిలబెట్టి అడుగుతారు. జోగులమ్మ కూడా వింటుంది. తన ఇంటి రొట్టె తిన్నవాడు తన మొగుడి చావుకు నవ్వాడని వింటుంది. ఇంటికి వచ్చాక బుధవారమంతా భాస్కర్ అన్నం ముట్టలేదు, బీరువా దగ్గర నుంచి కదల్లేదు.

"ఒక్కసారి తాళమియ్యి వనజా. ఎంతమంది తిట్టిన్రో సూసి మళ్ల ఇస్త."

"కాళ్లు మొక్కినా ఇయ్యొద్దన్నవ్. ఇంక మొక్కనే లేదు గద" అని వనజ తాళంచెవి కొంగున కట్టుకుంది.

గురువారం పొద్దున నాగప్పను మట్టి చేసిన మెట్టచేలో, ఆ చెల్కలోనే, పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ మూడో రోజు విస్తరిలో వడ్డించి సమాధి దగ్గర పెడితే, కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే కడుపులో ఏదో పెట్టుకొని ఇంకా ఇక్కడిక్కడే తిరుగుతున్నట్టు. నాగప్పకు జొన్నరొట్టె, కోడికూర, కల్లు సీసా, బీడీ కట్ట పెట్టి అందరూ పాతిక అడుగుల దూరం జరిగి నిలబడ్డారు.

అరగంటైంది. ఒక కాకి కరెంటు స్తంభం మీద కూర్చొని చూస్తోంది కానీ దిగడం లేదు. దిగడానికి రెక్క విప్పినప్పుడల్లా పదిమంది ఫోన్లెత్తి వీడియో తియ్యడానికి ముందుకు వస్తున్నారు. అది మళ్లీ రెక్కలు ముడుచుకుంటోంది.

"నాయినా, నీ ఎడ్లను అమ్మంలే. ముట్టు" అని బాలకృష్ణ దండం పెట్టాడు. కాకి కదల్లేదు.

"అమ్మను నెలకొకరం ఉంచుకునుడు గాదు, నా తాన్నే ఉంచుకుంట. ముట్టు నాయినా." కాకి అటు తిరిగి కూర్చుంది.

గంటైంది. ఎండ ముదిరింది. జోగులమ్మ కొంగు నోట్లో కుక్కుకొని, "ఏందో కడుపుల పెట్టుకున్నడు. ఎవ్వరన్న ఏమన్న అని ఉంటె చెప్పున్రి నాయినా. ఆయన ఆకలికి ఆగలేడు" అంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం విన్నాం. భాస్కర్ భుజాలు తడుముకోవడంతో ఆగలేదు. జనాన్ని తోసుకుంటూ పోయి సమాధి ముందు సాగిలపడ్డాడు. "పెద్దనాయినా, నేనే! నువ్వు పోయినవని తెలిసిన పొద్దు నవ్విన! గ్రూపుల మూడుసార్లు నవ్విన! మేకను సూసి నవ్విన గని నీ కింద పడ్డది. అప్పటికెల్లి నీ కోసం గాదు, నా పరువు కోసం ఏడ్చిన. పెద్దమ్మా, నీ రొట్టె తిని గిట్ల చేసిన. నన్ను చెప్పుతోని కొట్టు!"



"ఏం నవ్విండు?" అన్నాడు బాలకృష్ణ, అర్థంకాక. "నేను గ్రూపు తెరవనే లేదు."

అంతే, అందరూ జేబుల్లోంచి ఫోన్లు తీసి, తలలు వంచి, వేళ్లతో మంగళవారం వైపు వెనక్కి జరుపుతూ పోయారు. పిల్లల నుంచి పెద్దల దాకా ఒక్క తలకాయ పైకి లేదు. ముందుగా జంగయ్యకు దొరికింది. "గిదిగో, మేక కింద! మూడున్నయి... ఆగు, శాంతయ్యవి ఏడున్నయి గదనే!"

శాంతయ్య ముఖం పాలిపోయింది. "గిది ఏడుపు బొమ్మ గాదా? కండ్లల్ల నీళ్లు ఉన్నయి గద! భాస్కర్ మండలాఫీసోడు, తెలిసినోడు. వాడు పెట్టిండని నేను గూడ పెట్టిన. ఇంత దోస్తునైతిని, మూడు సరిపోతయా అని ఏడు పెట్టిన."

ఆయన వెనక ఇరవై ఎనిమిది మంది పెద్దలు పెట్టారు. ఒకాయన పద్దెనిమిది పెట్టి కింద "తట్టుకోలేకపోతున్న" అని కూడా రాశాడు. బాలకృష్ణ అది పైకి చదువుతూ, తండ్రి పోయిన మూడో రోజున, ఆపుకోలేక పక్కుమన్నాడు. ఆ వెంట చెల్క మొత్తం నవ్వింది. ఇరవై ఎనిమిది మంది పెద్దలు మాత్రం రుమాళ్లు ముఖాలకు అడ్డం పెట్టుకొని నేల చూపులు చూశారు.

జోగులమ్మకు ఫోన్ లేదు. అందుకే ఆమె ఒక్కతే సమాధి వైపు చూస్తూ ఉంది. "సూడున్రి" అంది మెల్లగా.

కాకి రొట్టెలో సగం అప్పటికే తినేసింది. కల్లు సీసా కూడా పడగొట్టింది. ఒక్కరూ వీడియో తియ్యలేదు.

భాస్కర్ ఇంకా నేల మీదే ఉన్నాడు. జోగులమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "మూడొద్దులసంది ఒక్కడు నవ్వలే నాయినా. జిందగీ అంత ఊరిని నవ్విచ్చిన మనిషికి గది ఎట్ల సయిస్తది?" అంది. "నువ్వు సైకిల్ మీదికెల్లి పడ్డప్పుడు ఆయన నవ్వలేదా? లెక్క సరిపాయె. లే."

అప్పుడు వచ్చింది భాస్కర్‌కు ఏడుపు, ఈసారి ఏ బొమ్మ గురించీ కాకుండా. అతను లేవబోతుంటే శాంతయ్య చెయ్యి అందించాడు. మూడొద్దులనాడు ఉన్న పనేమిటో కూడా అప్పుడే చెప్పాడు. పాసుబుక్కులో ఆయన పేరు తప్పు పడిందట, ఆఫీసులో జర చూడాలట.

సాయంత్రం వనజ దయతలచి బీరువా తీసి, పావుగంట అని గడియారం చూసి ఫోన్ ఇచ్చింది. కాకిని ఎవరూ వీడియో తియ్యలేదు కానీ, భాస్కర్ సాగిలపడి ఒప్పుకున్నదాన్ని మాత్రం నాలుగు కోణాల్లో తీసి గ్రూపులో పెట్టారు. ఆ వీడియో ఎక్కడెక్కడికి పాకిందో, విడిగా తెలియని నంబరు నుంచి ఒక మెసేజ్ వచ్చి ఉంది. "సార్, మాది అమరచింత. ఎల్లుండి మా మేనమామ మూడొద్దులు. మస్తు మొండి మనిషి, పిట్ట ముట్టదని భయమైతుంది. మీరొచ్చి జర తప్పు ఒప్పుకుంటరా?"

దీనికి ఏ బొమ్మ పెట్టాలో భాస్కర్ తేల్చుకోలేకపోయాడు. అంతలో పావుగంట అయిపోయింది, వనజ ఫోన్ లాక్కొని బీరువాకు తాళమేసింది. గీతలు మాత్రం అప్పటికే నీలంగా మారాయి కాబట్టి, అమరచింతలో ఎవరికో గుండె దడ మొదలయ్యే ఉంటుంది.