ఇది కసరత్తు కాదు

అణు విద్యుత్ కేంద్రంలో ఏదైనా ప్రమాదం జరిగితే, చుట్టూ అయిదు కిలోమీటర్ల లోపు జనాన్ని ఒక్కరూ మిగలకుండా బయటికి పంపించే పని తరలింపు అధికారిది. మంగళవారం ఉదయం ఆయన కాఫీ తాగుతూ ఆ రోజు పథకాన్ని భార్యకు వివరించాడు. పదింటికి సైరన్ మోగుతుంది. అంతా ఉత్తుత్తిదే. జనం ఇళ్ళల్లోకి వెళ్ళి తలుపులూ కిటికీలూ బిగించుకుంటారు. రాజధాని నుంచి వచ్చే పర్యవేక్షణ అధికారిణి చూసి సంతకం పెడుతుంది. పన్నెండుకల్లా తను భోజనానికి ఇంటికొస్తాడు.

కిందటి రెండేళ్ళూ సైరన్ మోగితే జనం మిల్లు కూత అనుకుని గడియారాలు సరిచేసుకున్నారు. మూడోసారీ అదే జరిగితే ఆయన్ని పాత ఫైళ్ళ గదికి పంపేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. అందుకని ఈసారి నోటీసు స్వయంగా రాశాడు. తన తెలుగు మీద ఆయనకు వల్లమాలిన నమ్మకం. ఆఫీసులో వెనకాల ఆయన్ని నిఘంటువు అంటారు. అది పొగడ్త అనుకునేవాడు ఆయనొక్కడే.

పదేళ్ళుగా అందరి నోళ్ళలో నలిగిన 'మాక్ డ్రిల్' అన్న మాటను కొట్టేసి ఆయన 'కసరత్తు' అని రాశాడు. అదీ పొరుగు భాష నుంచి వచ్చిన మాటేనని ఎవరో చెప్పేసరికి నోటీసులు అచ్చయిపోయాయి. "మంగళవారం ఉదయం పది గంటలకు అత్యవసర కసరత్తు. అందరూ తప్పక పాల్గొనాలి. సైరన్ మోగగానే మొదలు. వివరాలకు హైస్కూలు మైదానం." సైరన్ మోగితే ఏం చేయాలో పోయినేడు వేయించిన చిన్న పుస్తకంలో ఉంది కదా అని నోటీసులో రాయలేదు. ఆ పుస్తకాలు కట్టలు విప్పకుండా గోదాములోనే ఉన్నాయి.

"డ్రిల్ అంటే అందరికీ తెలుసు కదండీ, ఈ మాటెందుకు?" అంది భార్య.

"జనాన్ని తక్కువ అంచనా వెయ్యకు," అన్నాడాయన.

పదికి అయిదు నిమిషాలుండగా ఆయన జీపు మైదానం దగ్గర ఆగేసరికి లోపల ఇసుక వేస్తే రాలనంత జనం. రెండు వేలకు తక్కువుండరు. కొందరు బూట్లు వేసుకొచ్చారు, కొందరు భుజాన తువ్వాళ్ళు వేసుకొచ్చారు. మంగలి దుకాణం మూసేసి మరీ వచ్చాడు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా వంగాలా అని ఒక పెద్దాయన అడిగితే తరలింపు అధికారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక జేబులోంచి నోటీసు తీసి మళ్ళీ చదువుకున్నాడు.

కసరత్తు అన్నారు కాబట్టి జనం పొద్దున్నే వెళ్ళి హైస్కూలు డ్రిల్లు మాస్టారిని చేయించమని అడిగారు. ఆయన ఇరవై ఏళ్ళుగా కడుపునొప్పి సాకు చెప్పే పిల్లల చేత బలవంతాన చేతులెత్తించిన మనిషి. ప్రభుత్వం తనను ఇన్నాళ్ళకు గుర్తించిందని పొంగిపోయి, ఈల మెడలో వేసుకుని, అప్పటికే రెండు వేల మందినీ చెయ్యి చాపినంత దూరంలో వరుసలుగా నిలబెట్టాడు.

సరిగ్గా పదింటికి సైరన్ మోగింది. మాస్టారు ఈల వేశాడు. జనం ఒక్కసారిగా గుంజీలు మొదలుపెట్టారు. అప్పుడే ఫైలు పట్టుకుని గేటులో అడుగుపెట్టిన పర్యవేక్షణ అధికారిణి ఆ దృశ్యాన్ని తేరిపార చూసి, ఇళ్ళల్లో ఉండాల్సినవాళ్ళు ఇక్కడేం చేస్తున్నారని అడిగింది.

తరలింపు అధికారి వేదిక మీదికి పరిగెత్తి మైకు అందుకున్నాడు. ఇది మీరనుకున్న వ్యాయామం కాదు బాబూ అని చెప్పాలని ఆయన ఉద్దేశం. నోటికి వచ్చింది మాత్రం వేరు.

"ఆగండి. ఇది కసరత్తు కాదు."

ఆ మైకు వీధి వీధినా ఉన్న లౌడ్ స్పీకర్లన్నిటికీ కలిపి ఉంది. ఆయనే రాసిన సిబ్బంది నిబంధనల మొదటి పేజీ ప్రకారం, ఆ మూడు ముక్కలు వినబడితే ప్రమాదం నిజం, ఊరు ఖాళీ చేయించాలి. జనానికి ఆ సంగతి తెలియదు. కానీ పోలీసులకూ, బస్సు డ్రైవర్లకూ, ఆస్పత్రివాళ్ళకూ ఆయనే బట్టీ పట్టించి, పరీక్ష కూడా పెట్టాడు.

నిమిషంలో పోలీసులు రోడ్డు మూసేశారు. బస్సులు వరసగా మైదానంలోకి వచ్చాయి. సంగతి తప్పుగా అర్థమైందని చెప్పబోతే మైకు పలకలేదు. ప్రమాద సమయంలో మైదానానికి కరెంటు తీసేయాలన్న నిబంధన కూడా ఆయన రాసిందే. జనం ఎలాగూ వరుసల్లో ఉన్నారు కాబట్టి డ్రిల్లు మాస్టారు ఈల మీద ఈల వేసి, ఇద్దరిద్దరు చొప్పున బస్సులెక్కించాడు. ఇళ్ళల్లో మిగిలినవాళ్ళను ఆస్పత్రి బండ్లు ఎక్కించుకున్నాయి. తనెవరో చెప్పబోయిన పర్యవేక్షణ అధికారిణి మూతికి విషగాలి సోకకుండా గుడ్డ కట్టి మూడో బస్సులో కూర్చోబెట్టారు.

తరలింపు అధికారి ఆఖరి బస్సు వెనకాల పరిగెత్తాడు. డ్రైవరు తల బయటపెట్టి, "మీకు జీపుంది కదా సార్," అని పోనిచ్చాడు. జీపు అప్పటికే పదిమందిని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఎక్కడున్నారో తెలియలేదు, నేను ఆస్పత్రి బండిలో వెళ్తున్నానని భార్య ఫోను చేసింది. తర్వాత అణు కేంద్రం నుంచి ఫోను. వాళ్ళు బెదిరిపోయి ఉన్నారు.

"మా దగ్గర ఏదైనా జరిగిందాండీ? మాకెవరూ చెప్పలేదు."

ఏమీ జరగలేదని చెప్పి ఆయన వేదిక మెట్ల మీద కూలబడ్డాడు. కుర్చీ పోతుందన్న దిగులు ఎప్పుడో పోయింది. ఇంతమందిని ఉత్తపుణ్యానికి ఊరు దాటించానే అన్న సిగ్గు నిలువునా తినేసింది. వాళ్ళలో ఎవరికైనా ఏమైనా అయితే తను ఏ మొహం పెట్టుకుని తిరగాలి?

పదకొండు కావస్తుండగా పర్యవేక్షణ అధికారిణి ఫోను చేసింది. ఇరవై కిలోమీటర్ల అవతల శిబిరంలో అందరూ క్షేమంగా ఉన్నారట. ఉత్తిదేనని తనే చెప్పిందట. కొందరు తిట్టుకున్నారు, ఎక్కువమంది నవ్వుకున్నారు.

"ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టింది. ఒక్కరూ కింద పడలేదు. నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు. నిజమని నమ్మించి పరీక్ష పెట్టాలన్న ఆలోచన ఎవరిదండీ?"

అబద్ధమాడితే కుర్చీ నిలిచేది.

"ఆలోచన కాదండీ," అన్నాడాయన. "నా తెలుగు."

అవతల నవ్వు ఆపుకుంటున్న గొంతు వినబడింది.

"సరే. ఊరు నెగ్గిందని రాస్తాను. ఇంతకీ మీరెక్కడున్నారు?"

"మైదానంలోనేనండీ. బస్సు దొరకలేదు."

వారం తర్వాత నివేదిక వచ్చింది. ఊరికి నూటికి తొంభై తొమ్మిది. డ్రిల్లు మాస్టారికి ప్రశంసాపత్రం. చిట్టచివరి గడిలో ఒకే ఒక్క వాక్యం ఉంది: "ఇక్కణ్ణుంచి ఇంకా తరలించవలసినవారు ఒకరు, హోదా: తరలింపు అధికారి."