పటాల గదిలో అయిదు పెట్టలు

ఆ రోజు పొద్దున్న పటాల గుమస్తా వేసుకున్న పథకంలో రెండే పనులున్నాయి. అయిదు కోడిపెట్టల్ని ఆఫీసుకు తీసుకెళ్ళడం, సాయంత్రం అయిదింటినీ ఇంటికి తెచ్చుకోవడం.

వారం రోజులుగా ఎండలు మండిపోతున్నాయి. ఆదివారం మధ్యాహ్నం పెరట్లో రెండు పెట్టలు రెక్కలు వాల్చి, ముక్కు తెరిచి, రొప్పి రొప్పి అతని చేతుల్లోనే తల వాల్చేశాయి. అప్పట్నుంచి మిగిలిన అయిదింటినీ గూటి ముందు టేబుల్ ఫ్యాను పెట్టి, గోనెసంచులు తడిపి వేలాడదీసి, గంటకోసారి నీళ్ళు మార్చి కాపాడుకొస్తున్నాడు. అతనికి కంటి మీద కునుకు లేదు. ఇప్పుడు తీగలు మారుస్తారట, నాలుగు రోజులపాటు వాళ్ళ పేటకి పగలంతా కరెంటు ఉండదని కబురొచ్చింది. ఆఫీసులో మాత్రం జనరేటరు ఉంది. పాత భూముల పటాలు పాడవకుండా అక్కడి పటాల గదిలో ఏసీ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఆ గది తాళంచెవి అతని జేబులోనే ఉంటుంది.

"అరిస్తే?" అంది భార్య, కుట్టుమిషను ఆపి. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది.

"చీకట్లో కోడి నోరెత్తదు. పెట్టె మూతేస్తే వాటికి రాత్రే."

"ఎవరైనా చూస్తే?"

"ఆ గదికి ఎవరొస్తారే? ఏడాదికి నలుగురు రారు."

"మీ ఉద్యోగం ఊడితే మీరూ నేనూ కూడా వాటి పక్కనే ముక్కు తెరుచుకుని కూర్చోవాలి. తర్వాత మీ ఇష్టం" అంటూనే ఆవిడ కత్తెర తీసుకుని రెండు అట్టపెట్టెలకు గాలి కోసం చిల్లులు పొడిచింది.

ఆఫీసు గుమ్మంలోనే అటెండరు ఎదురయ్యాడు. "పెట్టెల్లో ఏంటండీ?"

"చిరిగిన పటాలు. ఇంటి దగ్గర అతికించి తెచ్చా."

అటెండరు పని విషయంలో చాలా నిక్కచ్చి మనిషి. వెంటనే రెండు పెట్టెలకూ నంబరు చీటీలు అంటించి, 'పటాలు, రెండు పెట్టెలు' అని రిజిస్టరులో ఎక్కించేశాడు.

పదకొండు దాకా అంతా సవ్యంగానే నడిచింది. గుమస్తా మాత్రం పది నిమిషాలకోసారి లేచి పటాల గదిలోకి వెళ్ళడం, పెట్టెకు చెవి ఆనించి వినడం, తిరిగొచ్చి కూర్చోవడం, కూర్చున్నట్టే కూర్చుని మళ్ళీ లేవడం. పదకొండు కొట్టగానే బూడిదరంగు పెట్ట గుడ్డు పెట్టింది. అది రోజూ పెడుతుంది. పెట్టాక ఆ సంగతి వీధి వీధంతా వినేలా చాటుతుంది. ఈ ఒక్క విషయం అతని లెక్కలోకి రాలేదు.

గోడ అవతల టైపిస్టు వేళ్ళు ఆగిపోయాయి. "అదేం చప్పుడండీ?"

"ఏసీ అండీ. లోపల బెల్టు అరిగినట్టుంది."

ఆమె ఏ పనీ రేపటికి వాయిదా వేసే మనిషి కాదు. అప్పటికప్పుడే వెళ్ళి సూపరింటెండెంటుకు చెప్పింది. అరగంటలో మెకానిక్కు దిగాడు. దిగుతూనే బయటి గోడకున్న మీట నొక్కి ఏసీ ఆపేశాడు.

"ఆపావేం?" గుమస్తా పరుగెత్తుకొచ్చాడు.

"గంట ఆగాలండీ. చల్లారితే గానీ విప్పలేను."

ఏసీ చల్లారుతోంది. గది వేడెక్కుతోంది. పెట్టెల్లోంచి సన్నగా రొప్పు మొదలైంది. కాలుగాలిన పిల్లిలా పావుగంట అటూ ఇటూ తిరిగి, ఇక ఉండబట్టలేక గుమస్తా అన్నాడు. "ఏసీకి ఏం లేదయ్యా. వేసెయ్."

"మరి చప్పుడో?"

"నాదే. దగ్గు."

అని దగ్గి చూపించాడు. టైపిస్టు పెదవి విరిచింది. "ఇది కాదండీ. చివర్లో కాస్త పైకి లేచింది."

గుమస్తా కళ్ళు మూసుకున్నాడు. "కొక్... కొక్... కొక్కొక్కొహ్!"

"ఆ, అదే!" అంది టైపిస్టు.

తన పేరు పెట్టి ఎవరో పిలిచినట్టు లోపల్నుంచి బూడిదరంగు పెట్ట బదులు పలికింది. దాన్ని కప్పిపుచ్చడానికి అతను ఇంకా గట్టిగా దగ్గాడు. అది ఇంకా గట్టిగా పలికింది. ఈ గోలకు సూపరింటెండెంటు గదిలోంచి బయటికొచ్చాడు.

"అమ్మో, ఇదేం దగ్గండీ బాబూ! ఛాతీలో ఇద్దరు మనుషులున్నట్టుంది. మూడు రోజులు సెలవు తీసుకోండి. ఇప్పుడే వెళ్ళండి. తాళంచెవి ఇలా ఇవ్వండి."

చెవి ఇవ్వక తప్పలేదు. గుమస్తా రెండు పెట్టెలూ ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చాడు. అటెండరు అడ్డంగా నిలబడ్డాడు.

"రిజిస్టరులో ఎక్కిన పటాలండీ. సార్ సంతకం లేకుండా కాగితం ముక్క కూడా బయటికి పోదు."

"కాస్త అతికించడం మిగిలిందయ్యా..."

"ఏ పటాలో చూసే సంతకం పెడతాను. మూత తియ్యండి" అన్నాడు సూపరింటెండెంటు, వెనకనే వచ్చి.

ఇక చెప్పడానికి అబద్ధాలు కూడా మిగల్లేదు. గుమస్తా రెండు మూతలూ తీశాడు. అయిదు పెట్టలూ ముక్కులు తెరుచుకుని సూపరింటెండెంటు వంక చూశాయి.

"ఆదివారం రెండు పోయాయండీ" అన్నాడు గుమస్తా. "చేతుల్లోనే పోయాయి. ఇంటి దగ్గర కరెంటు లేదు. వీటిని కూడా చంపుకోలేక... ఏ శిక్ష వేసినా పడతాను."

సూపరింటెండెంటు పెట్టెల మీదికి వంగాడు. రొప్పుతున్న పెట్టల్ని చూస్తూనే ఉన్నాడు. హఠాత్తుగా మెకానిక్కు మీద విరుచుకుపడ్డాడు. "ఇంకా చూస్తావేంటయ్యా? ముందు ఏసీ వెయ్!"

పెట్టెలు తిరిగి గదిలోకి వెళ్ళాయి. సూపరింటెండెంటు గుమస్తాని పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "మాదీ మీ పేటే కదండీ. ఇంట్లో మూడు కుందేళ్ళున్నాయి. పొద్దున్నుంచీ మా ఆవిడ వాటి దగ్గర విసనకర్ర పట్టుకు కూర్చుంది. కోళ్ళను చూస్తే బెదురుతాయంటారా?"

"మధ్యలో బీరువా అడ్డం పెడదామండీ."

పన్నెండున్నరకు కుందేళ్ళు వచ్చాయి. గోడలకు చెవులుంటాయి. ఆ గోడ పక్కనే టైపిస్టు ఉంటుంది. "మావి రెండే బాతులు సార్, అల్లరి చెయ్యవు" అంది. మెకానిక్కు సామాన్లు సర్దుకున్నాడు గానీ కదల్లేదు. "నాకో మేకపిల్ల ఉందండీ. మరీ పసిది" అన్నాడు నేల చూపులు చూస్తూ. ఏసీ బాగుచేసేవాడిని కాదనడం ఎవరివల్లా కాలేదు.

సాయంత్రం గుమస్తా విజేతలా ఇల్లు చేరాడు.

"ఎవరూ చూళ్ళేదు కదా?" అంది భార్య.

"అందరూ చూశారు!" అన్నాడు అతను ఆనందంగా. ఆదివారం తర్వాత మొదటిసారి ఆ రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు.

మర్నాడు భయం లేదు కాబట్టి తొందరా లేదు. నింపాదిగా పదింటికి పెట్టెలు మోసుకుంటూ ఆఫీసుకు వెళ్ళాడు. పటాల గది తలుపు వెనక బాతులు, మేకపిల్ల, ఇంకా అతను పోల్చుకోలేని గొంతులు ఏవేవో వినిపిస్తున్నాయి. తలుపు ముందు స్టూలు వేసుకుని, ఒళ్ళో రిజిస్టరు పెట్టుకుని అటెండరు కూర్చున్నాడు.

"లోపల ఖాళీ లేదండీ" అన్నాడు తలెత్తకుండానే. "పేరు రాసుకోమంటారా?"