వరదరాజులు గారి పన్నెండో జబ్బు

కే.జీ.కండిగై నేతవీధిలో జబ్బులు లేవని 1979లో శాస్త్రీయంగా రుజువైంది. రుజువు చేసినవారు మద్రాసు నుంచి వచ్చిన డాక్టరు జయరామన్ గారు. డాక్టరనగానే వీధి ఆడవాళ్ళు నాలుకలు చాపుకుని నిలబడ్డారు. తాను జబ్బు నయంచేసే డాక్టరు కాననీ, ఏ జబ్బు ఎవరికి ఎంత వస్తుందో తేల్చే ఆర్థికశాస్త్రపు డాక్టరుననీ ఆయన ఓపికగా వివరించారు. నాలుకలు లోపలికి పోయాయి.

ఆ ఊరికి ప్రతి మంగళవారం తిరుత్తణి బస్సులో నర్సు సెల్లమ్మ వచ్చి, నేతవీధి అరుగుమీద కూర్చునేది. ఆమె కూర్చోవలసిన వీధి అదేనా అన్నదే ఆయన పరిశోధన. ఆ వీధిలో మగ్గమున్న గోవిందమ్మకు ఈ సంగతి తెలియదు. ఆమెకు తెలిసిందల్లా కోడలు చెంగమ్మకు ఎనిమిదో నెల, కాళ్ళు వాచాయి, పోయిన కాన్పులో బిడ్డ దక్కలేదు, సెల్లమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంటే కొండంత ధైర్యం.

డాక్టరు గారు వాళ్ళింటికి వెళ్ళేసరికి గోవిందమ్మ భర్త ఆదిమూలం మగ్గం గుంటలో కూర్చుని దగ్గుతూ నేస్తున్నాడు.

"ఈ పదిహేను రోజుల్లో జబ్బుచేసి ఎన్నాళ్ళు మంచంమీద ఉన్నారు?"

"మంచం మా యింట్లో లేదు సామీ," అంది గోవిందమ్మ.

"పోనీ, జబ్బు?"

"అదీ లేదు."

ఆదిమూలం దగ్గు తెరిపివ్వగానే, తనకూ ఏమీ లేదన్నాడు.

ఇది అబద్ధం కాదు, ఆచారం. మగ్గం మీద పడుగు ఉండగా ఆ ఇంట్లో జబ్బు పేరెత్తితే నూలు తెగుతుంది. పడుగు దిగాక ఎంతైనా చెప్పుకోవచ్చు. కానీ పొద్దున ఒకటి దిగితే సాయంత్రానికి ఇంకొకటి ఎక్కుతుంది. అందువల్ల ఆ వీధి తాతలనాటి నుంచి ఆరోగ్యంగా ఉంది.

మిల్లువీధి సంగతి వేరు. బియ్యం మిల్లు యజమాని వరదరాజులు గారు సీసాలు వరుసగా పేర్చి మరీ పదకొండు జబ్బులు చెప్పారు. పన్నెండోది ఎంతకీ గుర్తురాక భార్యను పిలిచారు. ఆమెకూ గుర్తురాలేదు గాని, కరెంటు పోతే తనకు గుండెదడ అని రాయించింది.

పరిశోధన ముగిసింది. డాక్టరు గారికి మిల్లు ఆవరణలో సన్మానం. కప్పవలసిన కండువా ఆదిమూలమే నేశాడు. అది ఆ పొద్దునే మగ్గం దిగింది. కొత్త పడుగు సాయంత్రం ఎక్కాలి.

"నేతవీధి సోదర సోదరీమణులారా," అన్నారు డాక్టరు గారు, "మీ ఆరోగ్యం దేశానికే పాఠం. గంజినీ మగ్గాన్నీ మించిన ఆసుపత్రి లేదు. కనుక నర్సును అవసరమున్న చోటికి, అనగా మిల్లువీధికి మార్చమని సిఫార్సు చేశాను. వచ్చే మంగళవారం నుంచి అమలు."

అందరితో పాటు చప్పట్లు కొడుతున్న గోవిందమ్మ చేతులు మధ్యలో ఆగాయి. లేచి నిలబడింది.

"సామీ, మా మగ్గం ఇపుడు ఖాళీగా ఉండాది. ఇపుడు చెప్తాను, రాసుకోండి. మా ఆయనకు మూడేండ్లుగా దగ్గు. కోడలికి కాళ్ళు వాచినాయి. నాకు చూపానదు, దారం యాడుండాదో వేలితో తడువుకుంటాను. పక్కింటి అరుణాచలన్నకు..."

"అక్కా, మా మగ్గంలో పడుగుండాది. నా పేరెత్తొద్దు," అన్నాడు వెనకనుంచి అరుణాచలం.

డాక్టరు గారి ముఖం వెలిగిపోయింది. నిన్నటిదాకా లేని జబ్బులు మగ్గం ఖాళీ అయిన పూటే వచ్చిపడ్డాయి. కాబట్టి నేతగాళ్ళ జబ్బులకు మూలకారణం తీరిక. వాళ్ళకు తీరిక లేకుండా చూడవలసిందని నివేదికకు ఒక అనుబంధం చేర్చారు.

మంగళవారం గోవిందమ్మ కోడల్ని వెంటబెట్టుకుని మిల్లుకు నడిచింది. గుమాస్తా వరదయ్య గేటు దగ్గర ఆపాడు.

"మీ వీధిలో సీక్కూ జబ్బూ ఏమీ లేదని కాగితం వచ్చుండాది. మీకు నర్సమ్మతో ఏం పని?"

"నర్సమ్మ కోసరం ఎవురొచ్చినారయ్యా? బియ్యం చెరిగేదానికి వచ్చినాము."

ఆ పనికి గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వరండాలో వరదరాజులు గారి బీపీ చూస్తున్న సెల్లమ్మ, చేటతో కూర్చున్న చెంగమ్మ కాళ్ళవైపు చూసింది. లేచి వచ్చి వేలితో నొక్కింది. గుంట పడింది. మాత్రలిచ్చి, తిరుత్తణి ఆసుపత్రికి చీటీ రాసింది. నేతవీధి పేర్లు రిజిస్టరులోంచి తీసేశారు గనక, ఆ వాపును వరదరాజులు గారి ఇంటి కింద రాసుకుంది. ఆయనకు గుర్తురాని పన్నెండో జబ్బు అలా దొరికింది.

చెంగమ్మకు తిరుత్తణిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఆ కాన్పు కూడా వరదరాజులు గారి ఇంటి కిందే నమోదైంది. మిల్లువీధిలో జబ్బులు నెలనెలా పెరుగుతున్నాయని ఆందోళన చెందిన డాక్టరు గారు, అక్కడికి రెండో నర్సును సిఫార్సు చేశారు. వరదరాజులు గారు కట్టే పంచె, వేసే కండువా మొదటినుంచీ నేతవీధివే. ఇప్పుడు జబ్బులూ అక్కడినుంచే వస్తున్నాయి.

గోవిందమ్మ మొదటి రోజే నోరువిప్పి చెప్పి ఉండవలసిందని అనుకుంటున్న పాఠకులు, ఈ పొద్దున ఎవరో "బాగున్నారా?" అంటే తాము ఏమని జవాబిచ్చారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోవలసిందిగా మనవి.